గోడకు దుప్పటి కప్పిన ఏడాది

మొన్న మంగళవారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు ఎదురింటి గోడ వెంట పరంజా లేవడం మొదలైంది. ఆ గోడకూ మా ఇంటి తూర్పు గోడకూ మధ్య దూరం తొమ్మిది మీటర్ల నలభై సెంటీమీటర్లు. ఒకప్పుడు లేజరు పరికరంతో నేనే కొలిచినప్పుడు అది తొమ్మిది మీటర్ల యాభై ఆరు ఉండేది. తగ్గిన పదహారు సెంటీమీటర్లలో పధ్నాలుగు, వేడి బయటికి పోకుండా మా గోడకు మేము అతికించుకున్న రాతి ఉన్ని పలకల మందం, తక్కిన రెండూ జిగురూ పూతా. ఎదురింటిని కొత్తగా కొనుక్కున్న యువ దంపతులు అంతకు వారం ముందే వచ్చి, పరంజా కాళ్ళు మా స్థలంలోకి మీటరున్నర దాకా వస్తాయని, అభ్యంతరం లేదని సంతకం కావాలని మర్యాదగా అడిగారు. నేను సంతకం చేసిన తరువాత ఆ అబ్బాయి, గోడలకు ఇలాంటి కవచం వేయించడం వల్ల మీకు ఏపాటి లాభం కలిగిందని అడిగితే, ఏడాదికి ముప్పైరెండు వేల యూనిట్ల గ్యాసు మండే ఇల్లు ఇప్పుడు పదిహేను వేలతో వెచ్చగా ఉంటోందనీ, చలికాలంలో పన్నెండు డిగ్రీలుండే గోడ లోపలి ముఖం ఇప్పుడు పంతొమ్మిదికి తగ్గడం లేదనీ చెప్పాను. అతడు ఆ రెండు అంకెలనూ ఫోనులో రాసుకుని, సంతృప్తిగా వెళ్ళిపోయాడు. వాళ్ళు వెళ్ళాక తూర్పు గదిలో కూర్చుంటే, నేను చెప్పినది సత్యమే అయినా సగమేనని అనిపించింది. తక్కిన సగం వినే ఓపిక నా ఈడు వాళ్ళకే ఉంటుంది కనుక ఇక్కడ రాస్తున్నాను.

కరోనా వచ్చిన ఏడాది ఫిబ్రవరిలో మా అత్తగారు కాకినాడ నుండి జర్మనీలోని మా ఇంటికి, స్టుట్‌గార్ట్ పక్కనున్న బ్యోబ్లింగెన్‌కు, మూడు నెలల వీసా మీద వచ్చారు. అప్పటికి ఆమెకు డెబ్బై ఒకటో ఏడు. మా పెళ్ళయి పాతికేళ్ళు దాటినా, ఆమె నాతో నేరుగా మాట్లాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోకూడదనీ, అల్లుణ్ణి ఏదీ అడగకూడదనీ నమ్మే తరం ఆమెది. నాకు చెప్పవలసినది మా ఆవిడతో చెప్పేవారు. మా ఆవిడ ఆఫీసు పనిలో ఉంటే మా అమ్మాయితో చెప్పేవారు. అమ్మాయి కూడా లేకపోతే గోడ వైపు తిరిగి, కాఫీ చల్లారిపోతోందని గోడకే తెలియజేసేవారు. కూతురింట్లో పది రోజులకు మించి ఉండడమే మర్యాద కాదనుకునే ఆ మనిషి, మార్చిలో విమానాలు ఆగిపోయి, వీసా పొడిగింపు కోసం టెర్మిన్ మీద టెర్మిన్, అంటే అపాయింట్మెంటు మీద అపాయింట్మెంటు, తీసుకుంటూ, పదమూడు నెలలకు పైగా మా ఇంట్లో ఉండిపోవలసి వచ్చింది. మధ్యలో ప్రత్యేక విమానాలు నడిచాయి కానీ, బీపీ ఉన్న మనిషిని ముక్కుకు గుడ్డ కట్టి అంత దూరం ఒంటరిగా పంపడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు.

మా ఇల్లు పందొమ్మిది వందల అరవై రెండులో కట్టినది. గోడల మందం ఇరవై నాలుగు సెంటీమీటర్లు, లోపల బోలు ఇటుక, బయట ఏ రక్షణా లేదు. కార్ల విడిభాగాలలో వేడి ఎటు నుండి ఎటు ప్రవహిస్తుందో లెక్కలు కట్టడమే వృత్తిగా బతికిన నాకు, నా ఇల్లే వేడిని వీధిలోకి పారబోస్తోందన్న సంగతి తెలియక కాదు. రోజుకు పదకొండు గంటలు ఆఫీసులో గడిపేవాడికి ఇల్లు ఎంత చల్లగా ఉంటే ఏమి? ఆ ఏడాది ఆఫీసు మూతపడి, పని సగానికి తగ్గి, నేనూ ఇంటిపట్టున ఉండవలసి వచ్చినప్పుడు గాని, అత్తగారి గదిలో పగలు కూడా పదహారు డిగ్రీలే ఉంటున్న సంగతి గమనించలేదు. హీటరు చెడిపోయిందేమోనని చూస్తే, వేడిని పెంచి తగ్గించే మరను ఆమే ఒకటో అంకెకు తిప్పి, రెండు స్వెట్టర్లూ ఒక శాలువా కప్పుకుని కూర్చుంటున్నారు. మా ఆవిడ కోప్పడితే, "నాకేం చలెయ్యట్లేదని మీ ఆయనకి చెప్పవే. అల్లుడి సొమ్ము గాల్లో కలపడానికా నేనొచ్చింది?" అన్నారు. నేను మరను మూడుకు తిప్పితే, నేను గది దాటిన తరువాత అది మళ్ళీ ఒకటికి వచ్చేది. ఈ మూగ పోరాటం ఏప్రిల్ దాకా సాగింది. గోడకు బయట కవచం వేయిస్తే, హీటరు ఒకటిలో ఉన్నా ఆ గది ఇరవై డిగ్రీలుంటుందని ఒక ఆదివారం లెక్కకట్టాను. ఆ పనికి పూనుకోవడానికి ప్రభుత్వ సాయం, గ్యాసు ఆదా అన్నీ కారణాలే గాని, మొదటి కారణం మాత్రం ఆ మర.

ఇంత పొదుపరి అయిన ఆమె ఒక్క విషయంలో మాత్రం వేడిని లెక్కచేసేవారు కాదు. సంధ్యవేళ దీపం పెట్టేటప్పుడు ఇంటి తలుపులు మూసి ఉండకూడదన్నది ఆమె నియమం. కింద వీధి తలుపు తీస్తే ఇల్లంతా చలి నిండుతుంది గనుక, మేడ మీద తన గదిలోని తూర్పు కిటికీనే వీధి గుమ్మంగా భావించుకుని, గదిలో లైటు వేసి, అలమరలోని దేవుళ్ళ ముందు దీపం వెలిగించి, ఆ కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచేవారు. సరిగ్గా ఆ వేళకే ఎదురింటి మేడ మీద ఒక కిటికీ తెరుచుకునేది. ఆ ఇంట్లో ఎనభై ఆరేళ్ళ జర్మన్ వృద్ధురాలు ఒంటరిగా ఉండేవారు. ఊపిరితిత్తుల జబ్బు మనిషి. కొడుకు ఉల్మ్‌లో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు సరుకులు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు. ఆమె మెట్లు దిగి ఎన్నాళ్ళయిందో తెలియదు. చీకటి పడి కిటికీకి బయట ఉండే షట్టరు దించేముందు పది నిమిషాలు కిటికీ తెరిచి గదిలో గాలి మార్చడం ఈ దేశపు ఇళ్ళలో, మన ముంగిట కళ్ళాపి లాగా, ఎవరూ మానని ఆచారం. ఒకరు లక్ష్మీదేవి కోసం, ఒకరు గాలి కోసం తెరిచిన రెండు కిటికీలు ఆ విధంగా ఎదురెదురయ్యాయి.

వారిద్దరి సంభాషణ ఏ భాషలో సాగేదో ఈనాటికీ నేను చెప్పలేను. మొదట్లో మా అమ్మాయి మధ్య నిలబడి అనువాదం చేసేది గాని, నాలుగో రోజుకే తనతో ఇద్దరికీ పని లేదని చిన్నబుచ్చుకుని తప్పుకుంది. మా అత్తగారు ఆమెను వదినగారు అని పిలిచేవారు. వదిన అనుకుంటే వేళాకోళం ఆడవచ్చు గదా. ఒక సాయంత్రం ఏషియన్ షాపు నుండి తెచ్చిన ములక్కాడను మా అత్తగారు కిటికీలోంచి ఎత్తి చూపిస్తే, ఎదుటివారు లోపలికి వెళ్ళి తన చేతికర్రను తెచ్చి, దానితో పక్కన పెట్టి పొడవు పోల్చి, ఇద్దరూ దగ్గు వచ్చేదాకా నవ్వారు. "వదినగారికి ఇవాళ మోకాళ్ళ నొప్పిట" అని అత్తగారు భోజనాల దగ్గర చెబితే, మా ఆవిడ, "ఏ భాషలో చెప్పిందమ్మా?" అని వెక్కిరించింది. "మోకాలికి భాషేంటే, నీ మొహం!" అన్నారామె. ఎదురింటి ఆమె షట్టరు దించుతూ ప్రతిరోజూ ఈ ప్రాంతపు స్వాబియన్ యాసలో "ఆదే" అని వీడ్కోలు చెబితే, మా అత్తగారు "వెళ్ళొస్తానమ్మా" అనేవారు. వెళ్ళేది ఎక్కడికీ లేదు, పక్క మంచం దాకానే. అయినా చెప్పకుండా కిటికీ వేయడం ఆమె ఎరుగరు.

పనికి ఒప్పందం కుదిరింది. ఎదురింటి స్థలంలో మా పరంజా కాలు పెట్టడానికి ఆమె కొడుకు సంతకం చేశాడు. అక్టోబరు మూడోవారంలో పరంజా లేచింది. గోడకు దుప్పటి కప్పుతున్నారని మా అత్తగారు తన శాలువాతో గోడనూ తననూ మార్చి మార్చి చూపించి వదినగారికి వివరించారు. మేస్త్రీ ఆరు వారాల పని అన్నాడు. పరంజాకు బయటివైపు, వానా దుమ్మూ పడకుండా, నేల నుండి చూరు దాకా తెల్లటి దళసరి బరకం కట్టారు. తూర్పు కిటికీలోంచి చూస్తే ఆనాటి నుండి పాలు కలిపిన నీళ్ళలాంటి వెలుతురు తప్ప ఏమీ కనిపించేది కాదు. మధ్యనున్న స్థలాన్ని ప్రమాదకరమని కంచె వేసి మూశారు. ఎదురింటి వీధి గుమ్మమేమో అవతలి వీధిలో ఉంది. ఆరు వారాలే గదా అనుకున్నాము.

రెండో వారంలో పనివారిలో ఇద్దరికి జ్వరం వచ్చి, బృందమంతా క్వారంటైన్‌లో కూర్చుంది. వారు తిరిగి వచ్చేసరికి ఉన్ని పలకలు ఫ్యాక్టరీ నుండి రాలేదు. పలకలు వచ్చి, అతికించి, జాలీ బిగించేసరికి డిసెంబరు నడిమికి వచ్చింది. ఇక పైపూత మాత్రమే మిగిలింది. గాలీ గోడా ఐదు డిగ్రీలకు పైన ఉంటే తప్ప పూత గట్టిపడదు. అంతకు తగ్గితే అందులోని నీరు గడ్డకట్టి, రెండేళ్ళలో పెచ్చులుగా రాలిపోతుంది. ఆ సంగతి మేస్త్రీ నాకు చెప్పనక్కరలేదు, అయినా ప్రతి సోమవారం వచ్చి, థర్మామీటరు నా ముఖం ముందు పెట్టి, "ఐదు, ఇంజినీరు గారూ, ఐదు!" అని వెళ్ళిపోయేవాడు. జాలీ తడవకూడదు గనుక బరకం విప్పడానికి వీల్లేదు. మేము వసంతం కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాము.

ఈ మధ్యలో ఒకసారి నేనే పూనుకుని, సంతకాల కాగితం మీద ఉన్న ఎదురింటి నెంబరుకు ఫోను చేసి, విషయం చెప్పి, అత్తగారి చేతికిచ్చాను. ఇద్దరూ గట్టిగా "హా!" అన్నారు. మరొకసారి "హా!" అన్నారు. వారి మాటలన్నీ చేతుల్లో ఉండేవి, ఫోనులో చేతులు ఎక్కడివి? అత్తగారు ఫోను నాకు తిరిగి ఇచ్చి, కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయారు.

అయినా ఆమె రోజూ సంధ్యవేళ గదిలో లైటు వేసి, దీపం వెలిగించి, కిటికీ తెరిచి, ఆ తెల్లటి తెరకు ఎదురుగా పది నిమిషాలు నిలబడేవారు. క్రిస్మస్‌కు ముందు వారం, మా ఆవిడ పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉండగా, నేను వంటింట్లో టీ కలుపుకుంటుంటే, వెనక గుమ్మం దగ్గర అలికిడయింది. అత్తగారు గోడ వైపు చూడలేదు. నన్నే చూశారు.

"బాబూ... ఆ బరకం, కిటికీ కాడ ఓ జానెడు కోయించి మడత పెట్టిస్తే... వదినగారు కనబడి రెండు నెలలయింది."

పాతికేళ్ళలో ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అది. నేను కప్పు కింద పెట్టి, ఆమెకు అర్థమయ్యేలా, జాలీ గురించీ చెమ్మ గురించీ ఐదు డిగ్రీల గురించీ వివరించాను. బరకం కోస్తే పనికి పూచీ ఉండదని మేస్త్రీ చెప్పినదీ చెప్పాను. నేను చెప్పినదంతా సాంకేతికంగా నిజమే, ఇవాళ అడిగినా అదే చెబుతాను. ఆమె చివరిదాకా విని, "అలాగే బాబూ. గోడ పాడైపోకూడదు కదా" అన్నారు. మరునాడు అలమరలోని దేవుళ్ళను వంటింట్లో, పడమటి వైపునున్న చిన్న అరలోకి మార్చి, దీపం అక్కడే పెట్టడం మొదలుపెట్టారు. తెరిచినా ఎవరూ కనబడని కిటికీ ముందు దీపమెందుకని మా ఆవిడతో అన్నారట. తూర్పు గదిలో సంధ్యవేళ లైటు వేయడం కూడా మానేశారు. మనిషి లేని గదిలో కరెంటు దండగ గదా.

ఫిబ్రవరి ఆఖరుకు ఎండలు వచ్చాయి. పూత పూశారు, ఆరింది. మార్చి రెండోవారంలో బరకాలు విప్పారు. ఆరు వారాలన్నది ఇరవై వారాలకు పైగా పట్టింది. ఆ సాయంత్రం అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, దేవుళ్ళను మళ్ళీ తూర్పు గదికి తెచ్చి, దీపం పెట్టి, జనవరిలో బిగించిన కొత్త కిటికీని ఎలా తెరవాలో మా అమ్మాయి చేత చెప్పించుకుని తెరిచారు. ఎదుట షట్టరు దించి ఉంది. పొద్దుటి నుండీ దించే ఉంది. మరునాడూ ఎత్తలేదు.

ఆదివారంనాడు ఎదురింట్లో సామాన్లు సర్దుతున్న చప్పుడు వినిపిస్తే, నేను అవతలి వీధికి వెళ్ళి, మాస్కు సర్దుకుని, రెండు మీటర్ల దూరంలో నిలబడి ఆమె కొడుకును పలకరించాను. తల్లిని జనవరిలో వృద్ధాశ్రమంలో చేర్చానన్నాడు. అతడు నిష్ఠూరంగా ఏమీ అనలేదు, మాటవరసకు చెప్పాడు. బరకం కట్టిన తరువాత కూడా ఆమె రోజూ చీకటిపడే వేళకు కిటికీ తెరిచేదట. మనిషి కనిపించకపోయినా తెర మీద పచ్చటి వెలుగు మచ్చ ఒకటి కనిపించేదట, అది చూసి "ఉంది" అని చెప్పి షట్టరు దించేదట. క్రిస్మస్ ముందు ఒకరోజు ఆ మచ్చ కనిపించలేదు. మరో వారం చూసింది. ఆదివారం అతడు వచ్చినప్పుడు, "ఆ ఇండియన్ అమ్మ తన ఊరికి వెళ్ళిపోయింది" అని చెప్పింది. ఆ తరువాత కిటికీ తెరవలేదు.

నేను ఇంటికి వచ్చి, మా ఆవిడతో చెప్పించకుండా, అత్తగారికి నేనే చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. చేతులు ఆగలేదు. పళ్ళెంలోని కాయలన్నీ అయిపోయిన తరువాత, నాతో కాక, గోడతో కాక, ఆ పళ్ళెంతో అన్నారు.

"చెప్పకుండా ఎల్లిపోయే మనిషిననుకుంది కాబోలు నన్ను."

వృద్ధాశ్రమానికి ఆరుసార్లు ఫోను చేశాను. ముందుగా పేరు నమోదయిన ఒక్క బంధువును తప్ప ఎవరినీ లోపలికి రానివ్వరు. ఇరుగుపొరుగు బంధువులు కారు. వదిన అన్న వరస వారి జాబితాలో లేదు. కొడుకు తాను చెబుతానని మాటిచ్చాడు. మంచివాడే, చెప్పే ఉంటాడు. చెప్పాడో లేదో, చెబితే ఆమెకు తెలిసిందో లేదో, అడిగే సందర్భం రాకుండానే ఆ వేసవిలో ఆమె పోయిందని తెలిసింది. అప్పటికి మా అత్తగారు ఇక్కడ లేరు. మార్చి నెలాఖరున ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం దాకా రెండు వందల కిలోమీటర్లు కారులో తీసుకువెళ్ళి హైదరాబాదు విమానం ఎక్కించాము. బయలుదేరేముందు ఆమె తూర్పు కిటికీ తెరిచి, దించి ఉన్న ఎదుటి షట్టరు వైపు చూసి, వెళ్ళొస్తానమ్మా అని పైకే చెప్పి, రెక్కలు వేశారు. ఆ రోజు గదిలో ఇరవై ఒక్క డిగ్రీలుంది, మర ఒకటో అంకె మీద. మళ్ళీ రమ్మని ఎన్నిసార్లు పిలిచినా ఆమె రాలేదు. రెండేళ్ళ కిందట కాకినాడలోనే కన్నుమూశారు.

ఇప్పటి ఇళ్ళలో కిటికీలు తెరవనక్కరలేదు. కొత్త దంపతులు గోడలోనే గాలి మార్చే యంత్రం పెట్టిస్తున్నారట, లోపలి వేడి పోకుండా అదే చెడ్డగాలిని పంపి మంచిగాలిని తెస్తుంది. చక్కని యంత్రం, దాని లెక్కలు నేనూ చూశాను, తప్పుపట్టడానికి ఏమీ లేదు. సంధ్యవేళ ఈ వీధిలో ఇప్పుడు తెరుచుకునే కిటికీలు నాకు తెలిసి మూడో నాలుగో. నిన్న వాళ్ళ పరంజాకు బరకాలు కట్టారు. కిటికీలకు ఎదురుగా వచ్చేచోట తెల్ల బరకానికి బదులు అద్దంలాంటి పారదర్శకపు ముక్క అతికి ఉంది. నేను వాళ్ళ మేస్త్రీని ఆపి అడిగాను. లోపలి వాళ్ళకు వెలుతురు ఉండాలి గదా, ఇది ఎప్పటి నుండో ఉన్నదే, అడిగినవాళ్ళకు వేస్తాం అన్నాడు. గాలి చొరదు, తడి చొరదు, పూతకు ఏ హానీ లేదు.

ఆ అబ్బాయి మళ్ళీ అడగడు గనుక పూర్తి లెక్క ఇక్కడ రాసిపెడుతున్నాను. గోడలకూ కిటికీలకూ అయిన ఖర్చు నలభై ఎనిమిది వేల యూరోలు. ప్రభుత్వం ఇచ్చినది తొమ్మిది వేల ఆరు వందలు. ఏడాదికి మిగులుతున్న గ్యాసు పదిహేడు వేల యూనిట్లు. పూత ఎక్కడా పెచ్చు రాలలేదు. పారదర్శకపు ముక్క ధర, కిటికీకి, పన్నెండు యూరోలు. పోయినవి, ఇరవై వారాల సాయంత్రాలు, ఎదురింటి ఆమెకు చేరిందో లేదో తెలియని ఒక మాట, పాతికేళ్ళలో నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక.